అయిదు సీసాల నెత్తురు

ఇండూరులో మాదమ్మాళ్ పందుల దొడ్డి. దోమలు మోసుకొచ్చే జ్వరం జాడ కనిపెట్టడానికి పోయిన వారం పందుల నెత్తురు తీసుకుపోయిన ఆరోగ్య శాఖ ఉద్యోగి గోకులకృష్ణన్, ఫలితాల కాగితంతో గేటు బయటే ఆగాడు. లోపలికి అడుగు పెట్టే ధైర్యం అతనికి ఈసారీ చాలలేదు.

"అయిదుకు అయిదూనా?" మాదమ్మాళ్ లోపలి నుంచే అడిగింది.

"అయిదుకు అయిదూ అవ్వా. అన్నిట్లోనూ ఆ పురుగు ఉండాది."

"వాటికేమి రోగం? నీకంటే బాగా తింటా ఉండాయి."

"పందికి ఏమీ కాదు. దాంట్లో పెరుగుతుంది. దోమ తాగుతుంది, పోయి బిడ్డల్ని కుడుతుంది. మెదడు జ్వరం వస్తే బిడ్డ మిగలడమే కష్టం. దొడ్డిని ఊరవతలికి మార్చాల. రేపే."

"రేపా? మంగళవారం మునియప్పన్ పండగ. నాలుగు మొక్కు పందులు ఉండాయి. అవతల కుక్కలు పీకితే సామికి ఏమి చూపించేది, నీ కాగితమా?"

"సామికి నేను చెప్పుకుంటాను. నీ మనవరాలు పొన్నికి టీకా ఊసి వేయించినావా?"

"ఏడ్చింది, ఎత్తుకొని వచ్చేసినాను. మీవాళ్ళు ఇచ్చిన దోమతెర ఉంది కదా, దాంట్లోనే పండుకుంటుంది. నాలుగు పక్కలా పరుపు కిందికి దోపుతాను. దోమ కాదు, దాని తాత వచ్చినా దూరలేడు."

"అదొక్కటి మంచి పని చేసినావు. సరే, దొడ్డి..."

"నాయనా, ఒకటి చెప్తే కోపం చేసుకోవు కదా?"

"చెప్పు."

"అయిదు కాదు. ఒకటే."

"ఏమి ఒకటే?"

"పంది. మొక్కు పందికి సామి ముందర తప్ప నెత్తురు కారకూడదు. నువ్వేమో సూది పట్టుకొని నిలబడితివి. అందుకని ఒకేదాన్ని అయిదు తూర్లు గేటు కాడికి తెచ్చినాను."

"ఎర్ర పెయింటుతో వీపు మీద నంబరు రాసినానే."

"కిరసనాయిలుతో తుడిచినాను. అయిదో తూరి అది నిన్ను గుర్తుపట్టి తోక కూడా ఊపింది. నువ్వే దాన్ని గుర్తుపట్టలేదు. అంగడి ఇంటి బిడ్డవి, పంది మొగం ఎక్కడ చూసింటావు."

"అవ్వా, ఆ అయిదు సీసాలూ పరీక్షకు చెన్నై దాకా పోయినాయి."

"పోనీ. దొడ్డి మార్చే పని లేదు కదా?"

"మిగతావాటికి పరీక్షే కాలేదు, అవి ఎట్లుండాయో ఎవరికి తెలుసు. ముందు ఆ ఒక్కదాన్ని దూరంగా కట్టాల. వీటిలో ఏది అది?"

"వీటిలో లేదు. అది మొక్కుది కాదు, ముద్దుగా సాకింది."

"మరి ఎక్కడుంది?"

"దోమతెరలో. అది పక్కన లేకుంటే పొన్నికి నిద్ర రాదు."