మూడో దెబ్బ

“టీలో ఇంకో చెంచా పంచదార పడెయ్యవయ్యా, రేపట్నించి నేను నీకు చిక్కను,” అంటూ పార బాబాయ్ జేబులోంచి ఓ నల్లరాయి తీసి బల్లమీద పెట్టాడు.

ఊరి చివర పాతకాలపు రాతి పనిముట్ల కోసం తవ్విస్తున్న గుంటలో ఆయన మట్టి తట్టలు మోస్తాడు. రేపు పొద్దున ఆ తవ్వకం చేయిస్తున్న మేడం పరీక్ష పెడుతుంది. మనిషి చెక్కిన రాయేదో, దానంతటది విరిగిన రాయేదో చెప్పగలిగినవాడికి నీడపట్టున కూర్చుని రాళ్ళు ఏరే పని. మిగతావాళ్ళకి మళ్ళీ గుంట, మళ్ళీ తట్ట. బాబాయ్ మోకాళ్ళేమో ఇక గుంట దిగలేమంటున్నాయి.

“ఇది ఉత్త రాయే కదా?” అన్నాడు టీకొట్టాయన.

“నీ మొహం! ఇటు చూడు. వాగులో దొర్లిన రాయికి ఎక్కడ పడితే అక్కడ దెబ్బలుంటాయి. మనిషి కొడితే, ఇదిగో, ఇక్కడో పెచ్చు, పక్కనే ఇంకో పెచ్చు, వరసగా, అంచు పదునెక్కేదాకా. ఇంతవరకూ మేడం చెప్పింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండ్రోజుల్లో నేనే ఆవిడకి చెప్పడం మొదలెట్టాను! భూతద్దంతో ఆవిడ గంటసేపు చూసే రాయిని నేను వెనక్కి తిరిగి నిలబడి చెప్పేస్తున్నా. మొన్న లారీలోంచి రాళ్ళు దించుతుంటే, అన్నం తింటూ చప్పుడు విని, ‘ఆగండి, నాలుగువందల పదమూడోది గొడ్డలి’ అన్నా. తీసి చూస్తే గొడ్డలే!”

“లెక్కపెట్టావా బాబాయ్?”

“నేను లెక్కపెట్టడమేంటి, అవే చెప్పుకుంటాయి! ప్రొఫెసర్లు విమానం దిగిన బట్టల్తోనే వచ్చి నా ముందు వరస కట్టారంటే ఊరికే కట్టారా?”

“ముందు ఈ రాయి సంగతి చెప్పు,” అన్నాడు తాపీమేస్త్రి. ఆయన బాబాయ్ చెల్లెలి మొగుడు. తవ్వకం దగ్గరే షెడ్డు గోడ కడుతున్నాడు.

“అలా అడుగు బావా! నిన్న సాయంత్రం మట్టిగుట్టలో దొరికింది. రెండు లక్షల ఏళ్ళది. రేపు మేడం ముందు పెట్టేది దీన్నే. కొట్టినవాడిది ఎడమచేతి వాటం, దెబ్బలన్నీ అటునించే పడ్డాయి. మొదటి రెండూ నిదానంగా కొట్టాడు. మూడోది చూడు, ఎంత కసిగా పడిందో! ఎందుకంటావు? పొద్దున్నే పెళ్ళాంతో గొడవపడి, తిండి కూడా తినకుండా వచ్చేశాడు. ఇంతెందుకు, రాయిని చెవికి ఆనించుకుంటే ఆవిడ తిట్లు కూడా వినిపించాయి నాకు. ఆ కాలపు భాష, అయినా అర్థమైంది!”

కొట్టంతా గొల్లుమంది. మేస్త్రి మాత్రం నవ్వకుండా ఎడమచేత్తో రాయిని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అన్నీ సరిగ్గా చెప్పావు బావా. ఎడమచేతి వాటం నాదే. తినకుండా వచ్చిందీ నేనే. నిన్న పొద్దున గోడ మూలకి పెడదామని దీన్ని కొట్టాను, మూడో దెబ్బకి పాడైపోతే గుట్టలోకి విసిరేశాను.”

బాబాయ్ గబుక్కున రాయిని వెనక్కి లాక్కున్నాడు. ఇది పట్టుకెళ్ళి రేపు మేడం ముందు పెట్టుంటే?

“అయితే... గొడవ కూడా నిజమేనా? దేనికి బావా?”

“నీ గురించే. ‘మీ అన్నవి వట్టి కోతలు, రాళ్ళ గురించి ఓనమాలు కూడా తెలీవు’ అన్నాను. మీ చెల్లెలు నా ముందున్న కంచం లాగేసుకుంది. ఇప్పుడెళ్ళి తప్పయిందని చెప్పుకోవాలి. రేపు ఆ దెబ్బల గురించి ఇలాగే చెప్పు బావా, వయసు సంగతి మాత్రం మేడానికే వదిలెయ్.”