ఉత్త దాగలి మీద దెబ్బ

పొలం మధ్యలో రేకుల షెడ్డు. మిట్టమధ్యాహ్నం. కొలిమి, ఇనుము ఆనించి కొట్టే దాగలి దిమ్మె ముందు తమ్ముడు, గుమ్మంలో చేతికర్రతో అన్న.

"అక్కడే ఆగన్నయ్యా. కిందంతా ఇనప తునకలు, ఇంకా వేడిగా ఉన్నాయి. కాలు కాలుతుంది."

"కాలితే ఒకటే కాలుతుంది. రెండోదానికి ఆ బాధ లేదు. నవ్వొచ్చురా. నా కాలు మీద నేనే వేసుకున్నాను జోకు."

"ఈ ఎండలో నడిచొచ్చావా? ట్రాక్టరేమైంది?"

"దానికేం, బాగానే ఉంది. మధ్యలో ఉన్నవి రెండు చేలే కదా అని."

"రెండు చేలే. దాటడానికి ఆరేళ్ళు పట్టింది."

"కూర్చోమంటావా, ఇలాగే నిలబెట్టి దెప్పుతావా?"

"ఆ పెట్టె మీద కూర్చో. అది కాదు, అది ఊగుతుంది. ఇటు పక్కది. ఆ సంచి ఇలా ఇయ్యి... అబ్బో, ఏం మోసుకొచ్చావిందులో?"

"తెరవకు. నా పక్కన పెట్టు. తర్వాత చూద్దువుగాని. ముందు ఇది చూడు."

"పెట్టుడు కాలి చట్రానికి తీగ చుట్టావేంటి?"

"విరిగింది. పొద్దున మెట్టు దిగుతుంటే చీలమండ దగ్గర కడ్డీ టప్పుమంది. పందిరికి కట్టిన తీగ పీకి చుట్టి ఇక్కడిదాకా ఈడ్చుకొచ్చాను. నువ్వు వెల్డింగ్ పెట్టాలి."

"పట్నం వెళ్ళు."

"నీ దగ్గరికొచ్చాను."

"చట్రం చేసినవాడు పట్నంలోనే ఉన్నాడు. సాయంత్రానికి బాగుచేసి ఇస్తాడు."

"వాడు నా తమ్ముడు కాదు."

"నేను వెల్డింగ్ మానేశానన్నయ్యా."

"తెలుసు."

"తెలిస్తే మరి? అదిగో మిషన్, గోనె కప్పి ఉంది. దాని మీద కోడి గుడ్లు పెడుతోంది."

"కోడిని లేపు."

"వేళాకోళం కాదు. నేను పెట్టను. ఇంకేదైనా అడుగు. దీపం పెట్టుకునే స్టాండు అడుగు, చేసిస్తాను. తలుపు గొళ్ళెం... గొళ్ళెం కూడా వద్దులే. ఆకు కావాలా?"

"ఆకేంటి?"

"గోడ చూడు."

"ఇవన్నీ ఇనుమా? నేను ఎండుటాకులు అతికించావనుకున్నాను. ఈనెలు కూడా ఉన్నాయి కదరా! అటు వెనక గోడంతా కూడానా? ఇన్ని ఎందుకు?"

"కడ్డీ చివర ఎర్రగా కాల్చి పల్చగా కొడితే ఆకవుతుంది."

"ఎలా అని అడగలేదు. ఎందుకని అడిగాను."

"ఆకు బరువు మొయ్యదు. విరిగితే ఎవరి కాలూ పోదు. టీ తాగుతావా? ఫ్లాస్కులో ఉంది. గ్లాసు ఒకటే."

"నువ్వు తాగి ఇయ్యి."

"ముందు నువ్వే తాగు. ఎండన పడొచ్చావు."

"పంచదార లేదేం ఇందులో?"

"నాకొక్కడికే కదా. కలపబుద్ధి కాలేదు."

"ఎవరూ రారా ఇటు?"

"కరెంటు మీటరు చూసే ఆయన వస్తాడు, రెండు నెలలకోసారి. ఒకసారి ఆకు ఇచ్చాను. అటు తిప్పి ఇటు తిప్పి, దీన్నేం చేసుకోవాలండీ అని అడిగాడు."

"ఏం చెప్పావు?"

"నాకూ తెలియదన్నాను. మన గేటు ఎలా ఉంది? ఇంకా ఉందా?"

"ఉండకేం! ఆవు మూడుసార్లు గుద్దింది. ఆవుకే కొమ్ము విరిగింది."

"అతుకులు?"

"ఒక్కటీ ఊడలేదు. దానికి రంగు వెయ్యనివ్వలేదు కదా నువ్వు నన్ను. ఇనుము ఇనుములాగే ఉండనీ అన్నావు. మీ వదిన మనిద్దర్నీ చూసి, వీళ్ళకి పంట పండించడం చాలక ఇనుము కూడా పండిస్తున్నారు అనేది."

"అనేది."

"ఆమె పోయిన రోజు గేటు దాకా వచ్చావంట. లోపలికి రాలేదేం?"

"రానిస్తే కదా."

"ఎవరు రానివ్వలేదురా? అప్పటికి ఆమె కళ్ళు మూసుకుంది."

"బతికుండగా చెప్పింది కదా. ఆసుపత్రి వరండాలో, అందరి ముందూ. నీ ఇనప సరదా నా మొగుడి కాలు తినేసింది, ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు అని. మనిషి పోతే ఆ మాట కూడా పోతుందా? ఆమెది తప్పనలేదు నేను. నేనైనా అదే అందును."

"తమ్ముడూ, ఆ మాట..."

"వదిలెయ్. టీ చల్లారిపోతుంది."

"నీ దెబ్బలు మా వరండాలోకి వినిపిస్తాయి తెలుసా? గాలి అటు తిరిగిందంటే చాలు, ఒక్కొక్కటీ."

"ఇబ్బందైతే పొద్దున్నే కొట్టడం మానేస్తాలే."

"నేనేమంటున్నాను, నువ్వేమంటున్నావు! ఒకటి అడుగుతాను చెప్పు. కాలిన ఇనుము మీద దెబ్బ పడితే మెత్తగా వినబడుతుంది. మధ్యలో ఒకటి టంగుమంటుంది, గంట కొట్టినట్టు. అది మధ్యలో ఇనుము లేకుండా ఉత్త దాగలి మీద దెబ్బ. మనిద్దరం కొట్టేటప్పుడు అది మన గుర్తు. నేను సమ్మెట వేసేవాణ్ణి. ఎక్కడ వెయ్యాలో నువ్వు చిన్న సుత్తితో చూపించేవాడివి. ఇంక చాలనుకుంటే ఇనుము వదిలేసి దాగలి మీద ఒక్కటి కొట్టేవాడివి, ఆగమని. సమ్మెట గాల్లో ఉన్నా ఆపేవాణ్ణి."

"ఆ చప్పుడులో నోటిమాట వినబడదు కదా. అందుకని పెట్టుకున్నాం."

"ఇప్పుడు సమ్మెట వేసేవాడే లేడు. ఎవర్ని ఆగమంటున్నావురా?"

"చెయ్యి కొడుతుంది. నేను కొట్టను."

"అది వినబడినప్పుడల్లా నేను ఆగుతాను. ఏం చేస్తుంటే అది. ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయేది. మీ వదిన ఏమైందనేది. ఏం లేదు, కారం అనేవాణ్ణి. కళ్ళకి పొగ పట్టిందా?"

"బొగ్గు చెమ్మగా ఉంది."

"సరే, వెల్డింగ్ పెడతావా, పెట్టవా? దీన్ని విప్పేస్తున్నాను. విప్పానంటే ఇక్కణ్ణుంచి కదల్లేను, ముందే చెబుతున్నా."

"మొండితనం మాత్రం తగ్గలేదు."

"నాలో అదొక్కటే రెండు కాళ్ళ మీద నిలబడి ఉంది. ఇంద, పట్టుకో."

"అన్నయ్యా, నీ బరువంతా దీని మీదే ఆనుతుంది. నా అతుకు మీద నిలబడతావా? మళ్ళీ?"

"మళ్ళీనే."

"ఆరేళ్ళుగా అదే వెతుకుతున్నాను నేను. ఆ ట్రైలర్ కొక్కెం ఎందుకు ఊడిందని. కరెంటు తక్కువ పెట్టానా? తుప్పు సరిగ్గా గీకలేదా? ఒక ఏడాదంతా వెల్డింగ్ కడ్డీలు చెమ్మ పట్టాయనుకున్నాను. పెట్టెడు కడ్డీలు తీసుకెళ్ళి కాలవలో పారేశాను. తర్వాతి ఏడాది, అది కాదు, నా చెయ్యే మంచిది కాదనుకున్నాను. ట్రాక్టర్ మీద నేనే ఉన్నాను కదా. మెరక ఎక్కుతుంటే వెనక బరువు ఒక్కసారిగా తేలికైపోయింది. తిరిగి చూసేసరికి నిండు ట్రైలర్ వెనక్కి దొర్లిపోతోంది, నువ్వు చక్రం కింద రాయి పెడదామని వంగి..."

"ఇంక చాలు."

"విరిగిన ముక్క ఒక్కసారి చూసుంటే తెలిసిపోయేది. మీ ఇంట్లో ఉందన్నారు. వచ్చి అడగడానికి మొహం చెల్లలేదు."

"ముందు చట్రం సంగతి చూడు తమ్ముడూ."

"చూస్తున్నా... మెత్తటి ఇనుమే. లోపల తుప్పుంది, చాన్నాళ్ళుగా చీలి ఉంది ఇది. నడుస్తుంటే కిర్రుమనలేదా?"

"అంది. అననిచ్చాను."

"బుద్ధుండాలి."

"తిట్టు. ఇంకా తిట్టు. ఇంట్లో ఇప్పుడు తిట్టేవాళ్ళు కూడా లేరు."

"కోడీ, లే. లేవమ్మా. పో, అటు పో... అన్నయ్యా, మొహం తిప్పుకో, గోనె దులుపుతున్నా."

"మిషన్ పనిచేస్తుందా ఇంకా?"

"చేస్తుంది. నెలకోసారి స్విచ్చి వేసి చూస్తాను. బుయ్యిమంటుంది. ఆపేస్తాను."

"మానేశానన్నావు?"

"స్విచ్చి వెయ్యడం మానేశానన్నానా? ఆ మేకుకి వెల్డింగ్ అద్దాలున్నాయి, నీ తల పక్కనే. రెండూ అందుకో."

"ఈ రెండోది నాదేరా! ఇంకా ఉంచావా?"

"దాని మేకు అది. ఇంకెక్కడుంచుతాను? చూడు, కడ్డీకి పక్కన ఇంకో ముక్క ఆనించి ఆ సందు మూలల్లో ఇనుము పోస్తాను. నువ్వు పటకారుతో గట్టిగా పట్టుకో. కదలకు. అద్దం దించావా?"

"దించాను."

"అబద్ధం. దించు."

"ఊఁ. దించాను."

"అయ్యేదాకా మాట్లాడకు."

"అయిందా?"

"అయింది. ముట్టుకోకు, కాలుతుంది. పైన గట్టిపడ్డ చిట్టెం కొట్టనీ. చూడు, గుడ్డు పెంకులా ఎలా రాలిందో. లోపలంతా పట్టింది."

"కోడి రెట్టలా ఉంది."

"నీకు పని ఎలా ఉన్నా పర్లేదు, పైకి నున్నగా కనబడాలి. చిన్నప్పుడు పలకకి కూడా రంగేశావు. ఏడాదంతా నా పలక మీద రాసుకున్నావు. ఏంటి, కోపమొచ్చిందా? ఊరికే అన్నాను. కాలికి ఒరుసుకుంటే గుడ్డ చుట్టుకో. అంతేగాని ఎవరి చేతా అరగదీయించకు. ఈ గడ్డే బలం. మూలలో పోసిన ఈ ఇనుమే రెండు ముక్కల్నీ పట్టుకుని ఉంటుంది. వికారంగా ఉందని అరగదీసే రాయి పెట్టి చదును చేశావనుకో, పట్టంతా పొడై పోతుంది. కంటికి అందంగానే ఉంటుంది. బరువు పడ్డాక తెలుస్తుంది."

"అప్పుడు నాకీ సంగతి చెప్పలేదు నువ్వు."

"ఎప్పుడు?"

"ఆ సంచి తెరువు."

"ఉండు, ఇది చల్లారనీ..."

"దానంతటది చల్లారుతుంది. సంచి తెరువు తమ్ముడూ."

"ఏంటిది, ఎర్ర రంగు... ఇది ఆ కొక్కెం. అన్నయ్యా, ఇది ఆ కొక్కెం కదా?"

"అదే. ఇన్నాళ్ళూ నా మంచం కింద ఉంది. విరిగిన చోట చూడు. గుమ్మం దగ్గర, వెలుగులో పెట్టి చూడు."

"ఎందుకిప్పుడు ఇదంతా..."

"చూడరా. నువ్వే చూడాలి."

"అడుగు దాకా కరిగింది. కరెంటు సరిపోయింది. బుడగలు లేవు. అంటే కడ్డీలు చెమ్మ పట్టలేదు. కడ్డీలు మంచివే... మరి మూలల్లో ఇనుమేది? ఇక్కడ గడ్డ ఉండాలి కదా. రంగు కింద గీతలున్నాయి. రాయి గీతలు. ఎవరో మొత్తం చదును చేసేశారు. నేను కాదు. అన్నయ్యా, వెల్డింగ్ పెట్టాక నేను దీని మీద రాయి పెట్టలేదు, ఒట్టు, నేను..."

"నువ్వు భోజనానికెళ్ళావు. చల్లారాక రంగెయ్యమని నాకు చెప్పి వెళ్ళావు. రంగు నున్నగా రావాలని ముందు ఆ రాయి మిషన్ పట్టాను. నువ్వు తిరిగొచ్చేసరికి ట్రైలర్‌కి బిగించేశాను కూడా. దూరం నుంచి చూసి బాగుందన్నావు. ఏదో ఒకటి అను."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే. మెకానిక్కు ఇది చూసి, ఏ తెలివైనవాడు అరగదీశాడండీ అన్నాడు."

"ఆరేళ్ళు."

"ఆరేళ్ళు."

"వదినకి?"

"చెప్పలేదు. నిన్ను తిట్టుకుంటూనే పోయింది. చెబుదామనే లేచేవాణ్ణిరా రోజూ. నీ సుత్తి వినబడగానే కర్ర అందుకునేవాణ్ణి, గేటు దాకా వచ్చేవాణ్ణి. తెలిసిన రోజే చెప్పుంటే అయిపోయేది. ఆ రోజు నొప్పి మందుల మత్తులో ఉన్నాను. మర్నాడు చుట్టూ జనం. అప్పటికే ఆమె నిన్ను అన్ని మాటలూ అనేసింది, ఇంక అదంతా నాదని ఏ నోటితో... నువ్వేమో రావడం మానేశావు. రానివాడి దగ్గరికి వెళ్ళి ఏం చెప్పనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సుత్తి నీ చేతిలోనే ఉంది కదా, కొట్టాలనుంటే కొట్టు, నేను కదల్లేను కూడా, ఈ కాలు... ఏంట్రా? ఉత్త దాగలి మీద కొట్టావెందుకు?"

"ఆగమని."