విజిల్ కరిచిపట్టిన దొంగ

సభాధ్యక్షులు, మా హెడ్మాస్టర్ జనార్ధన్ గారికి, ఊరి పెద్దలకు, నా మాటల కోసం కాకపోయినా భోజనాల కోసమైనా ఈ షామియానా కింద ఓపిక పట్టిన పిల్లలకు నమస్కారాలు. ఈరోజు రిటైరవుతున్న మన డ్రిల్లు మాస్టారు ఓదెలు గారి గురించి రెండు మంచి మాటలు చెప్పమన్నారు. రెండే అన్నారు గనుక పెద్ద ఇబ్బంది లేదు. (నవ్వులు)

మొదటిది, ఆయన మహానటుడు. అయిదేళ్ల కింద శామీర్‌పేట చెరువు కట్ట మీద సినిమావాళ్లు వచ్చి ఒక సినిమా తీశారు. అందులో పగలు పరుగుపందేల్లో పతకాలు కొట్టే కుర్రాడు, చీకటి పడితే ఇళ్లకు కన్నాలు వేస్తాడు. దొంగ కోసం తిరిగే పోలీసు అధికారే పగలు అతని మెడలో దండ వేస్తుంటాడు. కథ బాగానే ఉంది, హీరో గారికే పరుగు రాదు, పది అడుగులకే ఆయాసం. అలా యాభై ఆరేళ్ల మన ఓదెలు గారు పాతికేళ్ల హీరోకు డూపయ్యారు! షూటింగ్ పదహారు రోజులు. సరిగ్గా ఆ పదహారు రోజులూ బడికి మాత్రం మోకాలు నొప్పని సెలవు చీటీ. దాన్ని హెడ్మాస్టర్ గారికి అందించింది నేనే. నువ్వుల నూనె రాయమని సలహా కూడా ఇచ్చాను.

పరుగెత్తేటప్పుడు మెడలో విజిల్ ఊగకుండా పళ్లతో కరిచిపట్టడం సార్‌కు అలవాటు. మేడ్చల్ టాకీసులో అందరం ఆ సినిమా చూస్తున్నాం. గోడ దూకిన దొంగ ఒక్క క్షణం పక్కకు తిరిగాడు, నోట్లో విజిల్! మన పిల్లలు "అరే, మన ఓదెలు సారు రా!" అని ఒకటే అరుపులు. నేను పక్కకు చూస్తే ఈయన, "ఏంది యజ్ఞనారాయణ సారూ, గట్ల జూస్తున్నరు? గాయనెవరో నా లెక్కనే ఉన్నడు, గంతే" అన్నారు. (నవ్వులు)

నవ్వండి, నేనూ నవ్వాను. కానీ ఆ పదహారు రోజుల్లోనే జిల్లా పోటీలు వచ్చాయి. పంచె కట్టుకునే తెలుగు మాస్టారినైన నన్ను పిల్లలతో పంపారు. పదో తరగతి రిదా ఎనిమిది వందల మీటర్ల పందెంలో ఉంది. గెలిస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, పైచదువు. మన మైదానంలో గీతలే లేవు. ఆ గీతల నియమాలు ఆఖరి వారం చెబుతానని ఓదెలు సార్ అట్టిపెట్టారు. పందెం ముందు రిదా అడిగితే నేనేం చెప్పాను? "గీత దాటకమ్మా, దాటితే తీసేస్తారు" అన్నాను. మొదటి మలుపు తర్వాత అందరూ లోపలి వైపుకు రావచ్చని నాకు తెలియదు. మిగతా పిల్లలంతా లోపలికి వచ్చేశారు. రిదా ఒక్కతే చివరి గీతలో, అందరికన్నా పొడుగు దారిలో, రెండు చుట్లూ తిరిగింది. అయినా రెండో స్థానంలో వచ్చింది. రొప్పుతూ నా దగ్గరికొచ్చి, "మీరు జెప్పినట్టే ఉరికిన సార్, గీత దాటలే" అంది.



ఆ సీటు ఇంకో అమ్మాయికి పోయింది. రిదా ఇప్పుడు తుర్కపల్లిలో మందుల ల్యాబులో సీసాలకు లేబుళ్లు అంటిస్తోంది. మూడింటికి కంపెనీ క్యాబు వస్తుందట. ఈలోగా సార్‌ను చూసిపోదామని వచ్చి, అదిగో, మూడో వరుసలో కూర్చుంది. అయిదేళ్లలో ఓదెలు గారు ఆమెతో ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. విజిల్ కథ చెప్పి ఈయన్ని ఊరంతా నవ్వించాను గానీ, గీత కథ ఈరోజు వరకు ఎవరికీ చెప్పలేదు. నాకు సిగ్గుగా ఉంది.

ఇక రెండో మంచి మాట. అది ఇంకా నా దగ్గర లేదు, ఓదెలు గారే ఇవ్వాలి. లేవండి సార్, మోకాలు నొప్పి అనకండి. శాలువా కాసేపు ఆగుతుంది, క్యాబు ఆగదు. మనిద్దరం మూడో వరుస దాకా వెళ్లి, తప్పయిందని ఆ పిల్లకు చెప్పి వద్దాం. మీరు రాకపోతే నేనొక్కణ్ణే పోతాను. ఇంతసేపు విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మైకు ఇక్కడ పెట్టి దిగుతున్నాను, సెలవు.