గడి ముందట మోటరు

1941. పోచంపల్లి దగ్గర ఒక ఊరు. రుమాళ్ల వ్యాపారి ఐలేశం ఇల్లు. భార్య అండాలు దారం చుడుతోంది. ఊరి దొర ఉండే కోటలాంటి గడి నుంచి వచ్చిన జీతగాడు భిక్షం జవాబు కోసం వాకిట్లో నిలబడి ఉన్నాడు.

“అమ్మేద్దామే అండాలు. ఇగ నాతోని కాదు.”

“కొని ఎనిమిది నెలలు గాలే. సీట్ల మీద కప్పిన దుప్పటి గూడ తియ్యనియ్యవైతివి నన్ను.”

“అందుకే అంటున్న. కొత్తగున్నప్పుడే పోవాలె. దొర తనంతల తానే అడిగిండు. మోటరు ఇస్తె గడిల ఉన్న ఒంటెద్దు కచ్చురం ఇస్తడట, మీదికెళ్లి పైసలు గూడ ఇస్తడట.”

“మోటరు ఇచ్చి ఎద్దుబండి తెచ్చుకుంటవా?”

“ఎద్దుకు మర్లుడు వస్తది. నాకు రాదు. పట్నంల మోటరు అమ్మినోడు ముందుకు పోవుడు నేర్పిండు. నేను సంబురంల ఎనుకకు వచ్చుడు అడుగుడే మర్చిపోయిన. మొన్న మన ఇంటి ముందట మర్లుటానికి భువనగిరి దాంక పోయి, గుట్ట చుట్టు తిరిగొస్తి.”

“గుట్ట చూసొచ్చిన అని అందరికి చెప్తివి.”

“చెప్పక? మర్లరాక పోయిన అని చెప్పాల్నా? ఇగ యుద్ధం వచ్చె, పడవలు బందాయె. అరబ్బు దేశం పోయే రుమాళ్లు కప్పు దాంక పేర్చి ఉన్నయి. మూటలు మోసే పని లేదు, పోసెటందుకు పెట్రోలు దొరుకుతలేదు. మోటరు మాత్రం కొత్తల్లుని తీర్గ మెరుసుకుంట కూసున్నది.”

“గివన్ని సాకులు. అసలు సంగతి చెప్పు.”

“గిదే అసలు సంగతి.”

“గడి ముందట నెట్టుడు.”

“జర నెమ్మదిగ అను. భిక్షం ఇంటడు.”

“ఊరంత చూసేది భిక్షం ఇంటె ఏమాయె?”

“సరె, చూస్తున్నరు. గడి ముందటికెళ్లి ఎవ్వడైన గుర్రం మీదనో బండి మీదనో పోతడా? దిగాలె, చెప్పులిడ్వాలె, తువ్వాల చంకల వెట్టాలె, నడ్వాలె. మోటరుకు గీ రివాజు ఉండదనుకున్న. గంత తెలివి నాది. ఇప్పుడు గడి మూలకు రాంగనె ఇంజను బందు వెట్టి, చెప్పులు సీటు కింద వెట్టి, ఆ చివరి దాంక నెడ్తున్న. ఊర్లె నడిసెటోళ్లందరు నాకంటె సుఖంగ నడుస్తున్నరు.”

“మొదటిసారి అది నిన్ను ఇడిసి ఉరికె.”

“అక్కడ బాట కిందికి దిగుతదని యాదికి లేదు. చెప్పులు అండ్ల, నేను ఎనుక. ఉరికుర్కి పంచె ఊడె. ఊరోళ్లు ఆన్నే నవ్విండ్రు. నాకు నవ్వొచ్చెటందుకు పది దినాలు పట్టింది.”

“గప్పటికెళ్లే కద నన్ను లోపట చక్రం పట్టుకొమ్మన్నవు.”

“పట్టుకొమ్మన్న. పర్దాలు దించుకొని వంగి కూసొమ్మన్న. మన ఆడమనిషి గడి ముందట బండి దిగలేదని తెలిస్తె ఊకుంటరా? ఇప్పటిదాంక ఎవ్వరికి తెల్వలే, మన నసీబు. కచ్చురమైతె గా భయం లేదు. ఎద్దు నడుస్తది, పక్కపొంటి ఇద్దరం నడుస్తం. నా నడుము నాకు మిగుల్తది.”

“నీకు నడుము కావాలె.”

“మగ్గాలు గూడ కావాలె. దొర నోరు తెరిచి అడిగినంక లేదంటె, మనకు నేసే నలభై మగ్గాలు రేపే బందు వెట్టిస్తడు. నీకు తెల్వదా?”

“తెలుసు.”

“మరి? రెండు మోటర్లున్న దొరకు మూడోది ఎందుకో గాని, మనకు మంచిదే. రంగు నచ్చినట్టున్నది.”

“రంగు కాదు.”

“ఏంది?”

“ఏం లే. దారం చిక్కువడ్డది.”

“దారం సంగతి తర్వాత. రంగు కాకుంటె ఏంది?”

“బుధారం నాడు గడి ముందట హారను మోగింది కద.”

“మోగింది. నా పానం పోయింది. కొత్త మోటరు, దానంతల అదే మోగింది, మరమ్మతు చేపిస్త అని గడి కావలోళ్ల కాళ్లు మొక్కుడొక్కటే తక్కువ.”

“దానంతల అది మోగలే.”

“మరి?”

“నేనే కొట్టిన.”

“చెయ్యి తాకిందా?”

“తాకలే. కొట్టిన. రెండుసార్లు కొట్టిన.”

“రెండోది నాకు భయంతోని ఇనవడనే లేదు. అండాలు, పర్దా దించే ఉండె కద?”

“లేదు.”

“లేదంటె?”

“తీసిన. నువ్వు ఎనుక తలకాయ దించి నెట్టవడ్తివి, నీకేం కనవడ్తది? దొర మేడ మీద కూసున్నడు. నేను ఆయనను చూసిన. ఆయన నన్ను చూసిండు.”

“కండ్లు దించుకున్నవా?”

“చక్రం పట్టినోళ్లు కండ్లు దించుకుంటరా? గుంతల పడదా మోటరు?”

“అంటె దొర అడిగింది మోటరు మీద మనసై కాదు. మొగడు ఎనుక నెట్టంగ, నువ్వు ముందట కూసోని, హారను కొట్టుకుంట...”

“గందుకే అది మనింట్ల ఉండద్దంటున్నడు.”

“ఎందుకు చేసినవే గట్ల?”

“పెండ్లైన కాడికెళ్లి పద్నాలుగేండ్లు చెప్పులు చేతుల వట్టుకొని నడిచిన. పెద్దోడు కడుపుల ఉన్నప్పుడు, నొప్పులొస్తుంటె, దవాఖానకు తీస్కపోయే బండి గూడ దింపి నడిపిచ్చిండ్రు. గా గోడ ఎంత పొడుగుంటదో నాకు ఎరుకనే. నీకు నెట్టినంక ఎరుకాయె. బుధారం నాడు కూసోని పోతుంటె గోడ మస్తు జల్ది అయిపోయింది. గంతే.”

“నువ్వే చెప్పు. అమ్ముదామా?”

“అమ్ము. నాకు దాని మీద మోజు లేదు. పెట్రోలు వాసన నాకు పడది. కచ్చురమే తెచ్చుకుందాం.”

“నిజంగనా?”

“నిజంగనే. కాని గడి ముందట అండ్లకెళ్లి గూడ నేను దిగ.”

“అయితె మోటరు ఇచ్చినా లొల్లి పోదు.”

“పోదు.”

“మగ్గాలు బందు వెట్టుడు గూడ తప్పదు.”

“మగ్గాలోళ్లనే అడుగు. నిన్న నూలుకు వచ్చిన ఆడోళ్లందరు గా హారను ఎట్ల కొడ్తరో చూపియ్యమన్నరు. నర్సింగమ్మైతె రెండు చేతులతోని ఒత్తి చూసింది.”

“ఊరందరికి తెల్వంగ, మోటరున్నోనికే తెల్వకపాయె.”

“నువ్వు ఎనుకుంటివి కద.”

“సావుకారీ, పొద్దెక్కుతున్నది. దొరకు ఏం చెప్పమంటవు? మోటరు ఇస్తున్నవా?”

“ఇస్తలేనని చెప్పు భిక్షం.”

“ఎందుకు ఇయ్యడంటె నేనేం చెప్పాలె?”

“ఇన్నొద్దులు దాన్ని గడి ముందట నెట్టినోడు ఇయ్యాల కొలువు ఇడిసిపెట్టిండని చెప్పు.”