మిట్సీ గోళ్ళు, ఆర్లీన్ గారి శనివారాలు

1991 మార్చి 4వ తేదీన, ఈరీ సరస్సు ఇంకా మంచు విడవని ఉదయాన, డాక్టర్ ఆర్లీన్ వోజిక్ గారు మన జంతు శరణాలయంలో పశువైద్యురాలిగా బాధ్యతలు స్వీకరించారు. సోఫాలు చిరుగుతాయని పెంపుడు పిల్లులకు గోళ్ళు తీయించడం ఆ రోజుల్లో మామూలే. గోళ్ళు తీయడమంటే వేళ్ళ చివరి కణుపులు కోయడమేనని ప్రతి కుటుంబానికీ ఓపికగా వివరించి, అలా చేయించబోమని మాట ఇచ్చినవారికే పిల్లినివ్వాలన్న నియమాన్ని 2003లో నెలకొల్పినవారు ఆర్లీన్ గారే.

ఆ నియమాన్ని మనలో చాలామందిమి భయపడుతూనే పాటించాం. శరణాలయంలో గూళ్ళు నిండిపోయే వేసవిలో, పిల్లి గోళ్ళు లేకుండా ఒక ఇంట బతకడం మేలా, గోళ్ళతో ఇక్కడే ఉండిపోయి ప్రాణం తీసే సూదికి బలవడం మేలా? ఆర్లీన్ గారి దగ్గర సహాయకుణ్ణైన నేను, మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. జవాబు పుస్తకాల్లో ఉంటుందని వెతికాను, దొరకలేదు.

నిరుడు ఆ ప్రశ్నే బుట్టలో వచ్చింది. పడవల ఇంజన్లు బాగుచేసి రిటైరైన వాల్టర్ హ్రుస్కా గారు, ఇక్కడి నుంచే తీసుకెళ్ళిన తన పిల్లి మిట్సీని ఆర్లీన్ గారి బల్ల మీద పెట్టారు.

“డాక్టరమ్మా, రక్తం పలచబడే మందు మింగుతున్నాను. ఇది గీరితే నెత్తురు ఆగట్లేదు. గోళ్ళన్నా తీసెయ్యండి, దీన్నన్నా ఉంచేసుకోండి.”

“గోళ్ళు పోయాక కరవడం మొదలెట్టినవాటిని చాలా చూశాను. అప్పుడు పళ్ళు కూడా పీకమంటారా?”

“నాకున్నవే నాలుగు. జోడీ కుదురుతుందిగా!”

“చాల్లెండి. శనివారం విడిచి శనివారం తీసుకురండి. కొసలు నేను కత్తిరిస్తాను.”

అప్పటి నుంచి ఆ బల్ల దగ్గర శనివారాలు సందడి. మిట్సీ మాత్రం ఆర్లీన్ గారికి తప్ప ఎవరికీ పంజా ఇవ్వదు. ఆర్లీన్ గారి పదవీ విరమణ వార్త విని వాల్టర్ గారు అడిగింది ఒక్కటే: “మరి దీని గతి?”

గత శనివారం ఆర్లీన్ గారు కత్తెర నా చేతికిచ్చి, కావాలనే గోడవైపు తిరిగి నిలబడ్డారు. నేను ఒక్కో గోరే కత్తిరించసాగాను. మిట్సీ విదిలించుకుని గీరింది.

“ఆ నెత్తురు దానిదా, నీదా?” అన్నారు వాల్టర్ గారు కంగారుగా.

“నాదేనండీ.”

“అయితే ఫరవాలేదు, కానివ్వు.”

ఒక గోరు మిగిలిపోయింది. మిట్సీ ఇక పంజా చాపలేదు. ఆర్లీన్ గారు సగం తిరిగి, ఆగిపోయారు. వాల్టర్ గారు పిల్లిని మాకే వదిలేస్తారేమోనని భయపడ్డాను. ఆయన మిట్సీని బుట్టలో పెట్టి మూత వేశారు.

“ఒక్కటేగా, ఆ పక్కకి చెయ్యి పెట్టనులే. మళ్ళీ వస్తాం, అబ్బాయ్.”

ఆర్లీన్ గారు ఆయురారోగ్యాలతో, కుటుంబ సభ్యుల నడుమ చిరకాలం సుఖంగా వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. శనివారం ఉదయాలు వారు నిశ్చింతగా నిద్రపోవాలని మనవి. ఆ ఆందోళన ఇక మా వంతు.