కుచ్చిళ్ళలో మచ్చ

నా పేరు ఫార్కర్ మెక్‌ఫెయిల్. వయస్సు డెబ్బై మూడేళ్ళు. ఓబన్ రేవులో ఫెర్రీ మీద తాళ్ళు విసిరే పని చేసి మానుకున్నాను. నా భార్య ఎఫీ నిరుడు చలికాలంలో పోయింది. నేను తాగి లేను. ఈ వాంగ్మూలం రాసుకుంటున్న పోలీసు సార్జెంటు గారు రెండుసార్లు అడిగారు కాబట్టి రెండోసారి కూడా చెబుతున్నాను, తాగి లేను.

ఈ శనివారం మధ్యాహ్నం జార్జి వీధిలో రొట్టె కొనుక్కుని వస్తుంటే నా ముందు ఒక కుర్రవాడు మా మగవాళ్ళు మోకాళ్ళదాకా కట్టే కుచ్చిళ్ళ కిల్టు కట్టుకుని నడుస్తున్నాడు. పేరు ఇన్నెస్ అని తర్వాత తెలిసింది. ఆ కిల్టుకు వంశపు గళ్ళు లేవు. ముదురాకుపచ్చ మీద పసుపు ఆకులు. గళ్ళు లేని కిల్టును నేను లంగా అంటాను, ఇప్పుడూ అంటాను. కానీ ఆ బట్ట మా ముందుగది కిటికీ తెర. ఎఫీ పోయాక ఆమె చెల్లెలు పెగ్గీ ఇల్లు సర్దుతూ పాతబట్టల దుకాణానికి ఇచ్చేసింది.

నా ఫెర్రీ వచ్చే వేళకు ఎఫీ చేపలు వేయిస్తూ, ఆ నూనె చేత్తోనే తెర పక్కకు లాగి చూసేది. ఎప్పుడూ ఒకే చోట పట్టుకునేది. అక్కడ అరచేయంత మచ్చ పడింది. నేను విసుక్కునేవాణ్ణి. "నువ్వొచ్చేదాకా చేతులు కడుక్కుంటూ కూర్చోనా?" అనేది.

కుట్టినవాళ్ళు ఆ మచ్చను వెనక కుచ్చిళ్ళలోకి మడిచేశారు. అతను అడుగు వేసినప్పుడల్లా కుచ్చిళ్ళు విచ్చుకుని మచ్చ కనబడింది. అందుకే వెంట నడిచాను. రేవు దగ్గర అతను ఆగాడు. కుచ్చిళ్ళు మూసుకున్నాయి. నేను చెయ్యి పెట్టి విప్పి పట్టుకున్నాను. చెయ్యి పెట్టింది అతని పిరుదుల మీదేనన్న మాట నిజం.

"ఏం తాతా, సిగ్గులేదా?" అన్నాడు.

"అది మా ఆవిడ చెయ్యి. కాసేపు కదలకు" అన్నాను. జనం నవ్వారు. అతను పోలీసులను పిలిచాడు.

స్టేషన్లో ఇన్నెస్ సంగతంతా విన్నాడు. కిల్టు ఇస్తావా అని అడిగాను. రేపు అక్క పెళ్ళి, తనకున్నది అదొక్కటే అన్నాడు. తర్వాత లేచి వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

"పట్టుకో తాతా. ఈసారి నేనే చెబుతున్నా."

సార్జెంటు గారు కిటికీ వైపు చూశారు. పట్టుకున్నాను. నా చెయ్యి పెద్దది, మచ్చ మొత్తం కప్పేసింది. అందుకని తీసేశాను.

ఇకమీదట ఈ కుర్రవాడి వెంట పడనని రాసిస్తే కేసు ఉండదని సార్జెంటు గారు చెప్పారు. ఇన్నెస్ కూడా రాయమని బతిమాలాడు. పైన చెప్పిందంతా జరిగింది జరిగినట్టు చెప్పాను, చదివి వినిపిస్తే విన్నాను, ఒప్పుకుంటున్నాను. వెంట పడనన్న ఆ ఒక్క మాట మాత్రం కొట్టేయించాను. కేసు ఉంటే ఉండనివ్వండి. ఓబన్ చిన్న ఊరు. అతను నా ముందు నడిస్తే నేను వెంట నడుస్తాను.

(సంతకం) ఫార్కర్ మెక్‌ఫెయిల్