ఖాళీ అని రాయని ఇంజనీరమ్మ

పంతొమ్మిది వందల తొంభై ఒకటి జూలై పద్దెనిమిదిన ఈ రేడియో తరంగాల పర్యవేక్షణ కార్యాలయంలో జూనియర్ ఇంజనీరుగా అడుగుపెట్టి, మూడు దశాబ్దాలకు పైగా అవిచ్ఛిన్నంగా సేవలందించి, నేడు పదవీ విరమణ చేస్తున్న మా ప్రధాన ఇంజనీరమ్మగారిని వచ్చినవారంతా ధీరవనిత అని ప్రశంసిస్తున్నారు. నిజానికి వారంత భయస్థురాలు ఈ భవనంలో మరొకరు లేరు.

తొలి పదేళ్లూ బరువైన రిసీవరు భుజాన వేసుకుని మేడలెక్కి, ఎవరి తరంగం ఎవరికి అడ్డొస్తోందో ఆరా తీశారు. "ఇంట్లో పాటలు పెడితే పాట వినదండీ, వెనకాల గుర్రుమనేదేంటని అడుగుతుంది" అని వారి భర్తగారు ఇప్పటికీ వాపోతుంటారు.

అనంతరం ఒకే ఛానలును రెండు భిన్న వ్యవస్థలకు పంచే బాధ్యత వారిపై పడింది. అంబులెన్సుల ఛానలు మౌనంగా ఉన్నప్పుడు ఒక కర్మాగారంలో క్రేన్లు నడిపే వైర్‌లెస్ యంత్రాలు దాన్ని వాడుకోవచ్చునా అన్నది మొదటి ప్రశ్న. కర్మాగారం మేడ మీద మూడు రోజులు కూర్చుని విని, "ఛానలు ఖాళీ" అని రాసి సంతకం చేశారు. అయిదో రోజు మధ్యాహ్నం, అడ్డంకి వస్తే చెప్పమని తామిచ్చిన నంబరుకు ఒక అంబులెన్సు డ్రైవరు ఫోన్ చేశాడు.

"అమ్మా, కంట్రోల్ రూమ్ ఫోన్ కలవట్లేదు, వైర్‌లెస్‌లో వాళ్లు చెప్పేది ముక్క అర్థం కావట్లేదు. బండిలో ఊపిరాడని పిల్ల ఉంది. ఏ ఆసుపత్రికి పొమ్మంటారో తెలీట్లేదు."

జరిగిందేమిటో ఇంజనీరమ్మగారికి అప్పుడు తట్టింది. కంట్రోల్ రూమ్ మాట కొండ అడ్డం వల్ల కర్మాగారానికి వినబడదు. వినబడక, ఛానలు ఖాళీ అనుకుని యంత్రాలు మాట్లాడుతున్నాయి. కొండ మలుపులో ఉన్న అంబులెన్సుకు మాత్రం రెండూ కలగాపులగంగా చేరుతున్నాయి. తాము మూడు రోజులు విన్నది కూడా కొండకు కర్మాగారం వైపు నుంచే. వెంటనే కర్మాగారానికి ఫోన్ చేసి యంత్రాలు ఆపమన్నారు.

"ఇప్పుడు ఆపితే క్రేన్లు ఆగిపోతాయండీ" అన్నాడు కర్మాగారం మేనేజరు.

"ఆగనీయండి. సంతకం నాది. మాట పడేది నేను."

యంత్రాలన్నీ ఆగి అంబులెన్సుకు మాట స్పష్టంగా చేరడానికి ఏడు నిమిషాలు పట్టింది. తర్వాత ఆసుపత్రికి వెళ్లారు గాని, లోపలికెళ్లి అడిగే ధైర్యం లేక మెట్ల దగ్గరే నిలబడిపోయారు. డ్రైవరే బయటికొచ్చి, "పిల్ల వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని ఏడుస్తోందమ్మా, పర్లేదు" అన్నాడు.

మర్నాడు తమ తప్పు తామే రాసి పైకి పంపారు. నాటి నుంచి ఏ అనుమతి పత్రంలోనూ "ఖాళీ" అన్న మాట వాడలేదు. "ఫలానా చోట, ఫలానా వేళ మాకేమీ వినబడలేదు" అనే రాశారు. మాట వినవలసినవారి బండిలో తాము స్వయంగా తిరగనిదే సంతకం చేయలేదు. వారిని చూడగానే "మళ్లీ ఎక్కేశారా, ఈసారి ఏం పంచుతున్నారో" అని డ్రైవర్లు నవ్వేవారు. వారు మాత్రం నవ్వేవారు కాదు.

గత వారం వారి స్థానంలోకి వస్తున్న యువ ఇంజనీరు తొలి ఫైలు ముందు పెట్టుకుని, "ఈ భయం ఎప్పటికి పోతుంది మేడమ్?" అని అడిగింది.

"పోయిన రోజు నాకు ఫోన్ చెయ్యమ్మా. ఆ రోజు మాత్రం సంతకం పెట్టకు."

ఆ అమ్మాయి ఫైలు మూసి అంబులెన్సు ఎక్కడానికి వెళ్లింది. ఇంజనీరమ్మగారు ఆయురారోగ్యాలతో, భర్తతో, మనుమలతో నిండు నూరేళ్లూ జీవించాలనీ, ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడే అవసరం ఇక వారికి రాకూడదనీ మనసారా కోరుకుంటున్నాము. ఇక ఉలిక్కిపడడం మా వంతు.